గుడి డ్రమ్ములో బియ్యం

నాకు నోరెక్కువని ఇంట్లో పేరు. ల్యాబులోనూ అదే పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఏడాది నేను నోరు మూసుకుని కూర్చునుంటే, మా వీధి చివరి మామ్మ ఇవాళ్టికీ ఆ బూజు పట్టిన బియ్యమే వండుకు తింటూ ఉండేది. అందుకని ఎవరేమనుకున్నా సరే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

అప్పుడు నేను బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇల్లు రేపల్లెలో. పొద్దున్నే ప్యాసింజరెక్కి తెనాలిలో దిగి, టిఫిన్ నిలబడే కానిచ్చి, ఇంకో బండి పట్టుకుని బాపట్ల చేరేదాన్ని. రోజూ ఎక్కేవాళ్ళ మధ్య మాటలు కలుస్తాయి కదా, ఒకావిడ అడిగింది ఏం చదువుతున్నావని.

“బూజు గురించి పిన్నిగారూ.”

“దానికి బాపట్ల దాకా పోవడమెందుకమ్మా? మా ఇంటికి రా, అటక మీద కావాల్సినంత ఉంది.”

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడన్నది అబద్ధమేం కాదు. మా వైపు వాన పట్టిందంటే బూజు పట్టని వస్తువుండదు, చెప్పుల దగ్గర్నుంచి సర్టిఫికెట్ల దాకా.

నా పని ఇదీ. గింజల మీద పట్టే కొన్ని రకాల బూజు ఒక విషాన్ని వదుల్తుంది. అది కడుపులోకి పోతే ముందు దెబ్బతినేది కాలేయం. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా కాలేయపు కణాలకి పోసి, ఎంత పోస్తే ఎన్ని చస్తాయో చూడడం నా థీసిస్. ఎప్పుడో ఏ దేశంలోనో ఒకరి కాలేయపు కణితిలోంచి తీసిన కణాలవి, ఇప్పుడు లోకంలో ఎన్నో ల్యాబుల్లో పెరుగుతున్నాయి. మీడియం అనే గులాబీ రంగు నీళ్ళలో, మనిషి ఒంటంత వేడిగా ఉండే పెట్టెలో పెడితే ప్లాస్టిక్ పళ్ళేలకి అంటుకుని పెరుగుతాయి. వాటికి మేత మార్చాలి, కిక్కిరిసిపోతే విడదీసి వేరే పళ్ళెంలో వెయ్యాలి. పండగ లేదు, ఆదివారం లేదు. “ప్రభువు దినాన కూడా వాటికి మేత వెయ్యాలా?” అని మా అమ్మ విసుక్కునేది. కణాలు బతికున్నాయో లేదో తెలియాలంటే చివర్లో ఒక పసుపు మందు వేస్తాం. బతికున్న కణం ఆ పసుపుని ఊదా రంగు చేస్తుంది. చచ్చిన కణం ఏమీ చెయ్యదు, పసుపు పసుపులాగే ఉండిపోతుంది. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాదు.

ఇక గుప్పెడు బియ్యం సంగతి. మా గుడి, అంటే మా చర్చి, ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. వంటకి కొలిచిన బియ్యంలోంచి, ఎసట్లో పొయ్యబోయే ముందు, దేవుడి పేరున ఒక గుప్పెడు తీసి అందులో వేస్తారు. నెల మొదటి ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికి తెచ్చి, వెనక గదిలో ఉన్న పెద్ద డ్రమ్ములో పోస్తారు. ఎవరూ లేని ముసలివాళ్ళకి ఆ డ్రమ్ములోంచి కొలిచి పెడతారు. డ్రమ్ము తాళం మా అమ్మ దగ్గరే. స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. బళ్ళో టీచరు కూడానూ, కాబట్టి గుళ్ళోనూ బళ్ళోనూ ఒకటే గొంతు.

ఆ బియ్యం తినేవాళ్ళలో అందరికంటే పాతావిడ మామ్మ. మాకు చుట్టం కాదు. వయసులో ఉన్నప్పుడు భట్టిప్రోలు చేలల్లో నాట్లూ కలుపులూ చేసింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మా అమ్మ బడికి పోతే పొద్దుగూకులూ నన్ను చంకనేసుకుని తిప్పింది ఆవిడే. నాకు అన్నం తినడం నేర్పింది ఆవిడే. ఆవిడ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది, ఇప్పటికీ అంతే.

తుఫాను వానలు ముసురు పట్టి, ఒక వారమంతా ఎండ మొహం చూడని రోజులవి. ఆ నెల మొదటి ఆదివారం డబ్బాలు పొయ్యడానికి నేనూ అమ్మకి సాయం వెళ్ళాను. డ్రమ్ము మూత తియ్యగానే నా ముక్కు పట్టేసింది. ఆ వాసన నాకు కొత్తది కాదు, ల్యాబులో బూజు పెంచే పళ్ళేలు తెరిస్తే అదే వాసన. చెయ్యి లోపలికి పెడితే అడుగున బియ్యం గడ్డ కట్టి తగిలింది. బయటికి తీసి చూశాను. గింజలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో పసుపూ ఆకుపచ్చా కలిసిన పొడి.

“అమ్మా, ఇవి పెట్టకు.”

“ఏంటి పెట్టకు? వానలకి కాస్త చెమ్మ చేరింది. చెరిగి, ఎండ రాగానే ఆరబోస్తే అదే పోద్ది.”

“బూజు పోద్ది. అది వదిలిన విషం పోదు. ఎండకీ పోదు, ఉడికించినా పోదు.”

“నీ బాపట్ల గోల గుళ్ళోకి తేకు” అంది. వరండాలో చేటలు తెప్పించి, గడ్డలు ఏరి పారేసి, పైపైన శుభ్రంగా కనపడే బియ్యం కొలిచి అందరికీ పోసింది. మామ్మ పాత చీరముక్క పరిచి పోయించుకుంది. మూట కట్టుకుని, “వందనాలమ్మా” అని మెల్లగా నడుచుకుంటూ పోయింది. ఎవరూ చూడకుండా నేను రెండు గుప్పెళ్ళు నా టిఫిన్ బాక్సులో వేసుకున్నాను. దేవుడి బియ్యం దొంగిలించావని తర్వాత నన్ను చాలామంది అన్నారు. అవును, దొంగిలించాను. ఇంకోసారి అవసరమొస్తే ఇంకోసారి దొంగిలిస్తాను.

ల్యాబులో ఆ బియ్యం మెత్తగా పొడి కొట్టి, ద్రావకంలో నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టి, మిగిలిన జిడ్డుని మళ్ళీ కరిగించి, వరసలుగా చిన్న గుంటలున్న పళ్ళెంలో ఒక వరస కణాలకి పోశాను. ఒక్క దాన్నే చూస్తే ఏ మాటా చెప్పలేం కాబట్టి, పక్క వరసలో బాపట్ల బజార్లో కొన్న మంచి బియ్యాన్ని అదే పద్ధతిలో చేసి పోశాను. ఇంకో వరసలో బియ్యం ఏమీ లేకుండా ఉత్త ద్రావకం. మర్నాడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. బజారు బియ్యం వరసలో కణాలు చక్కగా పరుచుకుని ఉన్నాయి. ఉత్త ద్రావకం వరసలోనూ అంతే. మా గుడి బియ్యం వరసలో చాలావరకు గుండ్రంగా ముడుచుకుపోయి, పళ్ళేన్ని వదిలేసి నీళ్ళలో తేలుతున్నాయి. పసుపు మందు వేశాను. మిగతా రెండు వరసలూ ఊదా రంగుకి తిరిగాయి. అది తిరగలేదు.

నేను ఆ విషంతో రోజూ కణాల్ని చంపేదాన్నే. చంపడమే నా థీసిస్. అయినా ఆ వరసని ఇంకోసారి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఆ జిడ్డునే ఒక పలక మీద పాకించి, చీకటి పెట్టెలో అల్ట్రావయొలెట్ లైటు కింద చూస్తే, మేం కొనే అసలు విషం చుక్క ఎంత ఎత్తున నీలంగా మెరిసిందో, సరిగ్గా అంతే ఎత్తున ఇదీ మెరిసింది.

సార్‌కి చూపించాను. మా సార్ మంచాయనే, కానీ టాపిక్ దాటితే ఆయనకి బీపీ వస్తుంది.

“ఇది మన సినాప్సిస్‌లో లేదమ్మా. కాలేజీ మీడియం నువ్విట్టా ఇంటి బియ్యానికి పోస్తే ఎట్టా?”

“ఖర్చయిన మీడియం నేను ఆదివారాలొచ్చి తయారుచేస్తాను సార్. ముందు ఈ ప్లేటు చూడండి.”

చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూడమ్మా, ఇవి ప్లాస్టిక్‌లో పెరిగే కణాలు. అసలు కాలేయం చేసే పనులన్నీ ఇవి చెయ్యవు. నువ్వు బియ్యం సారం తీసి తిన్నగా వాటి నెత్తిన పోశావు. దీన్ని బట్టి ఫలానా మనిషికి ఫలానా జబ్బు వస్తుందని చెప్పగలవా?”

“చెప్పలేను సార్.”

“మరి?”

“ఈ ప్లేటు చూశాక ఈ బియ్యం మీ అమ్మగారికి వండి పెడతారా సార్?”

ఆయన మొహం ఎర్రబడింది. అట్టా అడక్కూడదని నాకూ తెలుసు. కానీ అడిగాను. “థీసిస్‌లో రాయకు. మీ ఊళ్ళో మాత్రం చెప్పు” అన్నారు. చెప్పమన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. రాయొద్దన్నందుకు కోపం కూడా అలాగే ఉంది, నేను దాచుకోను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఫోనులో ఫొటో చూపించాను. “రంగులు చూపించి భయపెట్టకు” అంది గానీ, మొహంలో భయం కనపడింది. ఆ భయంతోనే సంఘ పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అమ్మ అన్నయ్యగారంటుంది, నేను మావయ్యగారంటాను. మా ఫాదరు నాలుగూళ్ళ గుళ్ళు చూసుకోవాలి, మా దగ్గరికి నెలకోసారి వస్తే గొప్ప. కాబట్టి మా గుళ్ళో ఏది కదలాలన్నా ఈయన కదపాల్సిందే. విని, ఏమాత్రం తడుముకోకుండా తీర్పు చెప్పేశాడు.

“ఇంకేముందమ్మా, ఆ కాలవగట్టు ఇళ్ళవాళ్ళు కోటా బియ్యం తెచ్చి పోస్తున్నారు. ముక్కిన బియ్యం. వచ్చే నెల వాళ్ళ డబ్బాలు విడిగా తీసుకుందాం.”

కాలవగట్టు ఇళ్ళంటే కూలికెళ్ళేవాళ్ళు. వాళ్ళు ఆ కోటా బియ్యమే తింటారు, తినే దాంట్లోంచే దేవుడికి గుప్పెడు తీస్తారు. అంతకంటే ఏం తియ్యాలి? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మావయ్యగారూ, చూడకుండా ఒకళ్ళ మీద మాట వెయ్యకండి. ఎవరి బియ్యమో నేను చెప్తాను” అన్నాను. చెప్పగలనో లేదో అప్పటికి నాకే తెలీదు. నోరు ముందు పోయింది, తెలివి వెనకాల వచ్చింది.

ముందు ఎవరి ఇల్లు చూడాలి? మా ఇల్లే. మర్నాడు పొద్దున రైలు మానేసి, వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మ వండడం చూశాను. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నదే, కానీ చూడ్డం అదే మొదటిసారి. బియ్యం కొలిచింది. కుళాయి కింద చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ తడి చేత్తోనే గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేసి మూత బిగించింది. వేళ్ళకి అంటుకున్న గింజల్ని కూడా డబ్బా అంచుకి గీసి లోపల పడేసింది.

“చేతులు తుడుచుకోవా?” అన్నాను.

“దేనికి తుడుచుకోను? చెంగుకా? మసిగుడ్డకా? దేవుడి భాగం తీసే చెయ్యి మళ్ళీ మురికి చేసుకుంటానా?”

ఈ పద్ధతి పెట్టింది అమ్మే. ఆవిడ సమాజం పెద్దయ్యాక ఆడవాళ్ళందరికీ నేర్పింది, గుప్పెడు తీసే ముందు చేతులు కడుక్కోవాలి, చెంగుకి తుడుచుకోకూడదు అని. అంతకుముందు ఎవరి వీలుని బట్టి వాళ్ళు తీసేవాళ్ళు. ఇప్పుడు పూటపూటా ప్రతి ఇంట్లో భక్తిగా తడి బియ్యం తీసి, గాలి తగలకుండా మూత పెట్టి, నెలంతా మాగబెట్టి, గుడికి తెచ్చి పాత బియ్యం మీద పోస్తున్నారు. డ్రమ్ము అడుగు ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. ల్యాబులో చేతులకి స్పిరిట్ రాసుకున్నా, అది ఆరేదాకా పెట్టెలో చెయ్యి పెట్టొద్దని నాకు నేర్పారు. నా తల గోడకేసి కొట్టుకుందామనిపించింది.

డబ్బాలో బియ్యం కొంచెం, అదే బియ్యం మా బస్తాలోంచి కొంచెం తీసుకుని బాపట్ల పోయాను. రెండూ ఒకే చేనువి, ఒకే మిల్లువి, ఒకే వంటింట్లో ఉన్నవి. బస్తా బియ్యం పోసిన కణాలు నిక్షేపంగా ఉన్నాయి. డబ్బా బియ్యం పోసినవి సగానికి పైగా పోయాయి. ఏ కోటా బియ్యమూ కాదు. మా ఇంటి సన్నబియ్యమే, టీచరమ్మ చేతి గుప్పెడే.

ఇది అమ్మకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. మంచం మీద కూర్చుని తన చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆఖరికి, “ఈ మాట బయట అనకు. డ్రమ్ము నేనే చడీచప్పుడు లేకుండా ఖాళీ చేయిస్తాను. పద్ధతి మార్చమని మెల్లగా చెప్తాను” అంది.

“మరి కాలవగట్టు వాళ్ళ మీద పడ్డ మాట?”

“అది కూడా మెల్లగా పోద్ది.”

“అదేం పోదమ్మా. వాళ్ళ డబ్బాలు విడిగా పెట్టాక ఇంకేం పోద్ది?”

అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది. కానీ వెనక్కి తగ్గలేదు. ఆ మధ్యలో మామ్మకి మా బస్తాలోంచి నేనే బియ్యం తీసుకెళ్ళి ఇచ్చి, గుడి బియ్యం వండుకోవద్దని చెప్పాను. “అట్టాగే తల్లీ” అని తలూపింది. తర్వాత రోజు పోతే పొయ్యి మీద గుడి బియ్యమే ఉడుకుతోంది. నేనిచ్చినవి మూట విప్పకుండా పక్కన పెట్టుకుంది. ఎందుకని అడిగితే, “ఇవి అయిపోయాక అవి” అంది. నాకు అర్థం కాలేదు. కోపమొచ్చి, గుడి మూట తీసుకుని వచ్చేశాను. ముసలావిడ గుమ్మం దాకా వచ్చి ఏదో అనబోయి ఊరుకుంది.

కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం ఆరాధనయ్యాక, ఆడవాళ్ళంతా డబ్బాలతో వెనక గది ముందు చేరారు. కాలవగట్టు వాళ్ళ డబ్బాలు విడిగా ఒక బల్ల మీద పెట్టించాడు మావయ్యగారు. ఆ ఆడవాళ్ళు గోడవారగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడడం లేదు. నేను వెళ్ళి ఆ డబ్బాలన్నీ మిగతా వాటి మధ్యలో పెట్టేశాను.

“ఏంటమ్మా ఇది?” అన్నాడాయన.

“తప్పు వీళ్ళది కాదు మావయ్యగారూ. తప్పు తడి చేతులది. మా ఇంటి డబ్బాలోనూ అదే విషం. నేను చూశాను.” తడి చెయ్యి సంగతీ, మూత సంగతీ, చచ్చిన కణాల సంగతీ అందరికీ వినపడేట్టు చెప్పాను. మనిషికి ఏం జరుగుతుందో నేను చెప్పలేనని కూడా చెప్పాను, తెలియనిది తెలుసనడం నాకు చేతకాదు. “కానీ ఈ డ్రమ్ములో బియ్యం ఇంక ఒక్క గింజ కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు.”

ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. చేతులు కడుక్కోవడం తప్పా అని ఒకావిడ, మా అమ్మమ్మ కాలంనుంచీ తీస్తున్నాం ఎవరు పోయారు అని ఇంకొకావిడ.

“దేవుడికిచ్చిన దాన్ని పరీక్షలకి పెట్టడమేంటమ్మా?” అన్నాడు మావయ్యగారు. “పోనీ అంత అనుమానమైతే కోళ్ళఫారానికి పంపిద్దాం. దండగ కాకుండా పోద్ది.”

“కోళ్ళకీ కాలేయం ఉంటుందండి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకి రోషం వచ్చింది. “సరే, నువ్వు చదువుకున్నదానివి, నీతో నేను వాదించలేను. ఒక్క మాట అడుగుతాను. ఇన్నేళ్ళుగా ఈ బియ్యం తింటున్నారే, తిన్నవాళ్ళు ఒక్కళ్ళయినా బాగాలేవని అన్నారా? ఎవరైనా వచ్చి చెప్పారా? లేదే!”

నిజంగానే ఎవరూ అనలేదు. నా ప్లేట్లూ, నీలం చుక్కా అన్నీ ఆ ఒక్క మాట ముందు తేలిపోయేట్టున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతున్నారు. అప్పుడు చాప మీద కూర్చున్న మామ్మ చెయ్యి నేలకానించి లేచింది.

“నేను అనలేదు బాబూ” అంది. “అంటే ఏమవుద్ది? మాలాంటిదే ఒకావిడ రాళ్ళొస్తున్నాయని అంది. పెట్టింది తినక వంకలేంటని అన్నారు. ఎవరన్నారో ఇప్పుడెందుకులే. ఆ తర్వాత ఆవిడకి చాన్నాళ్ళు బియ్యం పొయ్యలేదు. అది చూశాక ఎవరు నోరెత్తుతారు? కంపు నాకూ తెలుసు. రంగూ తెలుసు, కళ్ళింకా పోలేదు. ఈ పిల్ల మంచి బియ్యం తెచ్చిస్తే దాచుకున్నాను. ఎప్పుడన్నా గుడి బియ్యం ఆగిపోతే పనికొస్తాయని.”

మూట లాక్కుని వచ్చేసిన రోజు ఆవిడ గుమ్మంలో ఏమనబోయిందో నాకప్పుడు తెలిసింది.

అమ్మ ఆవిడ దగ్గరికి నడిచింది. “ఎవరికో భయపడ్డావు సరే. నాకైనా చెప్పొచ్చుగా అత్తా? నీ చేతుల్లో నా పిల్ల పెరిగింది. నాకు చెప్పడానికేంటి?”

మామ్మ ఆవిడ మొహంలోకి చూసింది. “పోసేది నువ్వేగా అమ్మాయ్” అంది.

మా అమ్మ అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడని కాపాడాలనిపించింది, మామ్మ మాట నూటికి నూరుపాళ్ళూ నిజమని కూడా అనిపించింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, బళ్ళో పిల్లల ముందు నిలబడ్డట్టు అందరి వైపూ తిరిగింది.

“తడి చేతులు నేర్పింది నేను. ఆ మాట కాలవగట్టు వాళ్ళ మీద పడింది. అది నా మీద వేసుకుంటున్నాను. ఈ డ్రమ్ము ఇవాళే గోతిలో పోసి పూడ్చేద్దాం. రేపటినుంచి పొడి చేత్తో తీద్దాం. ఇంకో మాట. ఇకమీదట డ్రమ్ములో పడ్డ బియ్యం మా ఇంటికి. మా బస్తాలో బియ్యం ఈ ముసలివాళ్ళకి. నెలనెలా మార్చుకుంటాం. మీలో ఎవరింట్లో వాళ్ళయినా అట్టా మార్చుకోవచ్చు.”

మావయ్యగారు అడ్డం వచ్చాడు. “అదెట్టా కుదురుద్దమ్మా? దేవుడికని తీసింది మన ఇళ్ళలో వండుకుంటామా? పాపం కాదూ?”

“వాళ్ళు తింటే పాపం కానిది మనం తింటే ఎందుకవుద్ది అన్నయ్యగారూ?”

ఆయన పక్కకి తప్పుకున్నాడు. నేను మా అమ్మ కూతుర్నని అంత గర్వంగా ఎప్పుడూ అనుకోలేదు.

గోతి తవ్వించి, సున్నం చల్లి, డ్రమ్ము బోర్లించాక, సాయంత్రం మా ఇంటి బస్తా ఆటోలో వేసుకుని మామ్మ ఇంటికి వెళ్ళాం. ఆ వారమే భట్టిప్రోలు నుంచి వచ్చిన కొత్త బియ్యం. అమ్మ తనే మూతి విప్పింది. మామ్మ అరుగు మీద కూర్చుని చారెడు తీసుకుంది. అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. ముక్కు దగ్గర పెట్టుకుని, అమ్మ చూస్తుండగానే, తీరిగ్గా వాసన చూసింది. ఒక గింజ పంటికింద వేసి కొరికింది.

“కొత్త బియ్యం అమ్మాయ్” అంది. “అన్నం ముద్దయిపోద్ది. పాతవి లేవూ?”

ఆటో అతను అవాక్కయి చూశాడు. మా అమ్మ బస్తా మూతి మళ్ళీ కట్టి, “ఒక చెయ్యి వెయ్యి” అని నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి దాన్ని ఆటోలోకి ఎక్కించి, పాత బియ్యం తేవడానికి ఇంటికి బయల్దేరాం.